ఇంట్ల చెప్పినవా?

పొద్దున ఎనిమిదిన్నర. కోదాడ ఎక్స్‌ప్రెస్ సూర్యాపేట బస్టాండ్‌లోకి ఇంకా మలుపు తిరుగుతూనే ఉంది, అప్పుడే కిటికీల్లోంచి కర్చీఫులు, టిఫిన్ బ్యాగులు, ఒక చంటిపిల్ల టోపీ సీట్ల మీద పడిపోయాయి. శ్రావణ మాసం, గురువారం. పట్టుచీరల పెళ్ళివాళ్ళు ఒకవైపు, మెడలో ఐడీ కార్డుల కాలేజీ పిల్లలు ఇంకోవైపు. మధ్యలో మీరు, ఒక కాలు ఫుట్‌బోర్డు మీద, ఒక కాలు ఇంకా నేల మీద. 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలై ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక, ఈ రూట్లో మగవాళ్ళకు సీటు దొరకడం అదృష్టం కింద లెక్క. మీకు ఇవాళ ఆ అదృష్టం లేదు. రాడ్డు పట్టుకుని నిలబడతారు.

మీ పక్కన ఇంకో రాడ్డుకు వేలాడుతూ ఒక పిలగాడు. చొక్కా ఇస్త్రీ మడత ఇంకా నలగలేదు. మూడో వరసలో కిటికీ పక్కన ఒకమ్మాయి, ఒళ్ళో బ్యాగు, బ్యాగు మీద ఫోను. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోవడం లేదు. ముక్కూమొహం తెలియని వాళ్ళయితే ఒక్కసారైనా చూపులు కలుస్తాయి కదా, వీళ్ళు పంతం పట్టినట్టు చెరో దిక్కు చూస్తున్నారు. అక్కడే దొరికిపోయారు. ఆమె వేళ్ళు ఫోను మీద కదులుతాయి, అరక్షణంలో వీడి జేబు గుర్రుమంటుంది. వీడు పెదవి కొరుక్కుంటూ ఏదో టైపు చేస్తాడు, ఆమె ఒళ్ళో వెలుగు. నాలుగడుగుల దూరానికి రెండు సిమ్ కార్డులు, ఒక సెల్ టవరు, అక్కడెక్కడో ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళ సర్వరూ కలిసి పనిచేస్తున్నాయి.

“ఆధార్ తియ్యున్రమ్మా, ఆధార్!” కండక్టరమ్మ డ్రైవరు దగ్గర్నుంచి కదల్లేక అక్కడి నుంచే కేకేస్తుంది. కార్డులు చేతులు మారుతూ ముందుకు పోతాయి, టికెట్లతో కలిసి మళ్ళీ వెనక్కొస్తాయి. ఆ అమ్మాయి కార్డు కూడా అలాగే ముందుకు పోయి, జీరో టికెట్టు చుట్టుకుని, తిరుగు ప్రయాణంలో ఆఖరి చెయ్యిగా ఆ పిలగాడి చేతికే వస్తుంది. ఇయ్యాల్సింది రెండు సెకన్లలో. కానీ వాడు చూస్తాడు. మీరూ వాడి భుజం మీదుగా చూస్తారు, తప్పే అయినా. ఇన్‌స్టాలో రెండక్షరాల పేరుతో తిరిగే పిల్లకు కార్డులో నాయనమ్మ పేరు కలిసిన మూడు మాటల పేరుంది. ముందు ఇంటిపేరుంది. కింద పుట్టిన తేదీ ఉంది. ఆ తేదీ దగ్గర వాడి కళ్ళు ఆగాయి. లెక్క వేళ్ళ మీద సాగుతోంది. నవ్వొచ్చింది వాడికి, ఆ నవ్వు సగంలోనే ఆగింది. కార్డు అందించాక జేబులో ఫోను తీసి కొట్టిన మెసేజి మీకు స్పష్టంగా కనపడుతూనే ఉంది: “నువ్వు నాకంటే తొమ్మిది నెలలు పెద్దనా?” జవాబు వెంటనే వచ్చింది. “అయితే అక్కా అను.”

ఆమె పక్క సీట్లో ఒక ముసలమ్మ. చేతిసంచిలో సొరకాయ తల బయటికి చూస్తోంది. అప్పటిదాకా కునుకు తీస్తున్నదనుకున్న మనిషి కళ్ళు తెరవకుండానే అడుగుతుంది.

“ఆ పిలగాడు నీకేమైతడు బిడ్డా?”

“ఎవరమ్మా?”

“గా పిలగాడే. నీ కార్డు సదువుకుంట నవ్విండు సూడు.”

అమ్మాయి ఒక్క క్షణం ఆలోచనలో పడింది. అన్న అంటే గండం గడుస్తుంది, కానీ ఆ మాట వాడు జన్మలో మరిచిపోడు. ఫ్రెండ్ అంటే ఈ బస్సులో దానికున్న అర్థం ఒకటే. ఇక మిగిలింది మన తెలుగువాళ్ళకు ఉన్న వెసులుబాటు.

“మా బావ.”

“బావనా? మేనత్త కొడుకా, మేనమామ కొడుకా?”

“మేనత్త కొడుకు.”

“మేనత్తనేడిచ్చిన్రు?”

“హుజూర్‌నగర్.”

“హుజూర్‌నగర్ల ఏడ? మా సిన్నబిడ్డను గాడనే ఇచ్చినం. ఇంటిపేరేంది?”

బస్సెక్కినప్పటి నుంచి మొదటిసారి అమ్మాయి వాడి వైపు తిన్నగా చూసింది. వాడు దగ్గాడు. బస్సు కూడా ఆదుకుందామన్నట్టు ఒక స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరిపడింది. కానీ పోలీసులు మరిచిపోతారేమో గానీ నల్లగొండ ముసలమ్మలు అడిగిన ప్రశ్న మరిచిపోరు. దురాజ్‌పల్లి గుట్ట దాటింది, రెండేళ్ళకోసారి లింగమంతుల జాతర జరిగే పెద్దగట్టు అది, ముసలమ్మ అటు తిరిగి దండం పెట్టుకుని మళ్ళీ ఇటు తిరిగింది. “ఇంటిపేరు జెప్పకపోతివి?”

వాళ్ళను కాసేపు ఆ చిక్కులోనే ఉండనిచ్చి బయటికి చూడండి. హైవే పొడుగునా పెద్ద పెద్ద హోటళ్ళు. హైదరాబాద్ నుంచి విజయవాడకు పోయే దారిలో సూర్యాపేట దాదాపు నడిమధ్యన ఉంది, అటు నుంచి వచ్చే కారూ ఇటు నుంచి వచ్చే కారూ టీకి ఇక్కడే ఆగుతాయి. ఒకరికి గచ్చిబౌలిలో ఉద్యోగం, ఇంకొకరికి బెజవాడలో ఉద్యోగమైన జంటలకు ఇంతకంటే న్యాయమైన జాగా లేదు, చెరి సగం దూరం. పైగా సూర్యాపేట ఊళ్ళోవాళ్ళు ఈ హోటళ్ళకు పెద్దగా రారు, ఆ ధరకు ఇంట్లో నలుగురికి వండొచ్చు కదా అంటారు. కాబట్టి ఊరిని ఆనుకునే ఉన్నా ఊరి కళ్ళు లేని చోటది. సినిమావాళ్ళు ప్రేమికులను కలపడానికి గోవా, ఊటీ తీసుకుపోతారు. ఈ జిల్లాలో ఆ పని పార్కింగూ ఫ్యామిలీ సెక్షనూ చేసిపెడుతున్నాయి.

ఉచిత బస్సు గురించి పత్రికల్లో చాలా లెక్కలొచ్చాయి. ఆర్టీసీ మీద భారమెంత, ఆటోవాళ్ళకు నష్టమెంత అని. ఒక్క లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. ఇదివరకు కోదాడ పోవాలంటే పిల్ల ఇంట్లో చార్జీ డబ్బులు అడగాలి. అడిగితే ఎందుకని అడుగుతారు. ఎందుకన్న దానికి రికార్డు బుక్కో, జిరాక్సో, ఫ్రెండ్ అక్క సీమంతమో కల్పించాలి. ఇప్పుడు డబ్బు అడగనక్కర్లేదు కనుక కారణమూ చెప్పనక్కర్లేదు. వాడికి మాత్రం పూర్తి టికెట్టు. అయితే ఈ స్వేచ్ఛకు కోదాడ అవతల రాష్ట్ర సరిహద్దు దగ్గర తెర పడుతుంది. జగ్గయ్యపేట దాకా పోవాలంటే టికెట్టే. అవతల ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పేరుతో ఆడవాళ్ళకు బస్సు ఉచితమైంది గానీ అది వాళ్ళ ఆధార్ వాళ్ళకే. కోదాడ పిల్ల జగ్గయ్యపేట పిలగాణ్ణి ప్రేమిస్తే రెండు ప్రభుత్వాలూ చేతులెత్తేస్తాయన్న మాట.

మునగాల వచ్చింది. ముసలమ్మ సొరకాయ సంచి సర్దుకుని లేచి, దిగేముందు ఆ పిలగాడి ముందు ఆగింది.

“బావవైతే పక్కకొచ్చి నిలబడుతవ్ గని, గంత దూరమెందుకుంటవ్ రా? ఇంట్ల చెప్పినవా?”

“లేదమ్మా.”

“ఇంకెవలో చెప్పకముందే నువ్వే చెప్పు.”

దిగిపోయింది. ఖాళీ అయిన సీటు వైపు వాడు చూశాడు, అమ్మాయి చూసింది, మీరూ చూశారు. ఈలోగా ఆకుపాములలో దిగాల్సిన ఇంకో ఆవిడ మనవడితో సహా అందులో కూర్చునేసింది.

కోదాడలో దిగుతారు. మీకిక్కడ పని ఉంది. మీ దోస్తు మేనల్లుడికి పెళ్ళిచూపులు. అబ్బాయి, తల్లి, మేనమామ, లెక్కకు ముగ్గురయ్యారు. ముగ్గురు పోతే పని కాదని నాలుగో మనిషిగా మిమ్మల్ని పిలిచారు. మీరు చేయాల్సింది ఏమీ లేదు, లడ్డు తిని తల ఊపాలి. మధ్యాహ్నం ఒకటిన్నరకు రాహుకాలం, ఆలోపు కాఫీలు అయిపోవాలి.

సోఫా కవర్లు రాత్రే ఉతికారు, ఇంకా కాస్త చెమ్మ తెలుస్తోంది. టీపాయి మీద బూందీ లడ్డు, కారప్పూస, జీడిపప్పు పలుకులు. ఇక్కడి మాటలో కృష్ణా జిల్లా గాలి తగులుతుంది, అండీలు ఎక్కువ. “ప్రయాణం బాగా జరిగిందాండీ?” “ఎండ లేదు కదండీ, బాగానే జరిగింది.” అబ్బాయి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేరు. అమ్మాయి ప్రైవేటు బ్యాంకులో లోన్ల సెక్షను. ఇద్దరూ ఇంజనీరింగ్ ఒకే ఏడాది పాసయ్యారు, ఒకే కాలేజీలో. ఈ సంగతి పెద్దల్లో ఎవరూ పట్టించుకోలేదు. ఇద్దరి బయోడేటాల్లోనూ ఆ లైను ఉంది, కానీ బయోడేటాల్లో జనం చదివేది గోత్రం, ఎత్తు, ప్యాకేజీ.

అమ్మాయి ట్రేతో వచ్చింది. ఆరు కప్పులు. అందరికీ వరసగా ఇస్తూ వచ్చి, మీ దగ్గరికి వచ్చేసరికి మీ చెయ్యి ఆ మూలనున్న కప్పు మీదికి పోయింది. ట్రే ఇంత, రవ్వంత తిరిగింది. మీ వేళ్ళ కిందికి వేరే కప్పు వచ్చింది. ఆ మూల కప్పు అబ్బాయికి పోయింది. వాడు ఒక గుక్క తాగాడు. “చక్కెర సరిపోయిందా బాబూ?” అని ఆమె తల్లి. “సరిపోయిందండీ” అని వాడు. ఆ కప్పులో చక్కెర లేదు. వాడు చక్కెర మానేసి మూడు నెలలవుతోందని మీ దోస్తు కారులో చెప్పాడు. ఈ ఇంట్లో ఆ సంగతి ఎవరికి తెలుసు మరి?

మీకిప్పుడు అంతా అర్థమైపోయింది. నవ్వు ఆపుకోవడానికి కారప్పూస నోట్లో పోసుకోండి.

1955లో ‘మిస్సమ్మ’లో ఏమీ కాని ఇద్దరు, ఎన్టీఆర్, సావిత్రి, పంతులు ఉద్యోగం కోసం మొగుడూ పెళ్ళాల్లా నటించారు. ఇక్కడ అన్నీ అయిన ఇద్దరు, పెళ్ళి కోసం, ఏమీ కానట్టు నటిస్తున్నారు. డెబ్బై ఏళ్ళలో నాటకం తిరగబడింది. ఈ నాటకానికి సూత్రధారి ఆ మూల కుర్చీలో కూర్చుని లడ్డు తింటున్న పెళ్ళిళ్ళ పేరయ్య. సంబంధం తనే వెతికి తెచ్చానని రెండు వైపులా చెప్పాడు. కమీషను రెండు వైపులా తీసుకుంటాడు. పిల్లల దగ్గర విడిగా తీసుకున్నదాని గురించి మనం అడగొద్దు.

“కాసేపు పైకెళ్ళి మాట్లాడుకోండి” అన్నాడు ఆమె తండ్రి. కాపలాగా ఎనిమిదేళ్ళ చెల్లెలు. “మీరూ వెళ్ళండి సార్, పైన గాలి బాగుంటుంది” అని మిమ్మల్ని కూడా పంపించారు.

తరుణ్ భాస్కర్ తీసిన ‘పెళ్ళిచూపులు’ 2016 జులై 29న వచ్చింది. అందులో అబ్బాయివాళ్ళు అడ్రసు తప్పి వేరే ఇంటికి పోతారు. అబ్బాయీ అమ్మాయీ ఒక గదిలో ఇరుక్కుపోయి, తలుపు తెరుచుకోక, చేసేది లేక ఒకరికొకరు నిజాలు చెప్పుకుంటారు. ఆ ఏడాదికి తెలుగులో ఉత్తమ చిత్రంగా జాతీయ అవార్డు, మాటలకు ఇంకో జాతీయ అవార్డు అందుకుంది. ఆ గదిలో పుట్టిన హాస్యం అంతా తెలియనితనంలోంచి పుట్టింది. ఈ డాబా మీద హాస్యం అంతా తెలిసినతనంలోంచి పుడుతోంది. ఐదు నిమిషాలిచ్చారు. ఆరేళ్ళుగా మాట్లాడుకుంటున్న వాళ్ళకు ఐదు నిమిషాల్లో మాట్లాడుకోవడానికి ఏముంటుంది?

ఉంటుంది. ఆమె నీళ్ళ ట్యాంకుకు ఆనుకుని చేతులు కట్టుకుంది.

“నీ సిబిల్ స్కోరు ఎంత?”

“ఇప్పుడా?”

“నాలుగుసార్లు అడిగా. నాలుగుసార్లూ సినిమా మాటెత్తావు. బ్యాంకులో కూర్చుని నేను చూడలేననుకున్నావా? చూస్తే తప్పని చూడలేదు.”

వాడు కింద వీధిలోకి చూశాడు. “ఆరు వందల నలభై.”

“బైకు లోనా?”

“బైకు, కార్డు మీద ఫోను.” కొంచెం ఆగి, “అక్క పెళ్ళి.”

“అక్క పెళ్ళికి పర్సనల్ లోను తీశావా? ఎంత వడ్డీకి?”

చెప్పాడు. ఆమె కళ్ళు మూసుకుంది. ఏడుస్తుందేమో అని మీకు భయం వేసింది, కానీ అవి లెక్క వేసుకుంటున్న కళ్ళు. “క్రెడిట్ కార్డు వచ్చే నెల కట్టేసి మూసెయ్. పర్సనల్ లోను నేను మార్పించి వడ్డీ తగ్గిస్తా. కానీ ఇంకోసారి నా దగ్గర దాచావంటే జాతకాలు కలవలేదని నేనే చెప్పిస్తా. పేరయ్య గారు మనవాడే.”

చెల్లెలు మీ చొక్కా లాగింది. “అంకుల్, వీళ్ళు కొట్లాడుకుంటున్నారా?” లేదమ్మా, పెళ్ళికి ఒప్పుకుంటున్నారు అని మీరు ఆ పిల్లకెలా చెప్తారు? హైదరాబాద్‌లో మోకాలి మీద కూర్చుని ఉంగరం ఇస్తున్నారట. ఇక్కడ వాయిదాల పుస్తకం విప్పుతున్నారు. ఏది ఎక్కువ కష్టమని నన్నడిగితే రెండోదే అంటాను.

కిందికి దిగాక మేనమామ గొంతు సవరించుకున్నాడు. “ఏరా, ఏమంటావు?” ముందే అనుకున్న ప్రకారం వెంటనే సరే అనకూడదు, అనుమానం వస్తుంది. “ఆలోచించి రెండు రోజుల్లో చెప్తాం” అన్నాడు వాడు. వాళ్ళమ్మ మొహం మాడిపోయింది. కారెక్కేదాకా ఆగలేక గేటు దగ్గరే పట్టుకుంది. “ఇంకేం ఆలోచిస్తావురా? ఇంత లక్షణమైన పిల్ల నీకు మళ్ళీ దొరుకుద్దా?”

ఇది ఇంత హాయిగా సాగిందంటే కారణం ఒకటుంది. ఆ బయోడేటాల్లో మొదటి లైను, కులం, రెండింటిలోనూ ఒకటే. అది కలిస్తే ప్రేమను సంబంధంగా మార్చడానికి ఒక పేరయ్య, ఒక చక్కెర లేని కాఫీ చాలు. కలవకపోతే ఏ పేరయ్యా ఆ ఇంటి గడప ఎక్కడు.

కోదాడ నుంచి మిర్యాలగూడ బస్సు హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా పోతుంది. సాగర్ ఎడమ కాల్వ కింద పొలాలు, నాట్లు సాగుతున్నాయి. లాల్ బహదూర్ కాల్వ అని దాని అసలు పేరు, ఎవరూ ఆ పేరుతో పిలవరు. 1967లో సాగర్ నీళ్ళు వదిలాకే ఈ నేలకు వరీ, వరితో మిల్లులూ, మిల్లులతో డబ్బూ వచ్చాయి. మిర్యాలగూడ దగ్గర పడుతుంటే కిటికీలోంచి ఉడికిన వడ్ల వాసన, తౌడు వాసన లోపలికి వస్తాయి. ఊరొచ్చిందని కళ్ళు మూసుకున్నవాళ్ళకూ తెలుస్తుంది.

ఈ మూడు ఊళ్ళలో రైలు ఉన్నది ఈ ఊరికే. సూర్యాపేటకు లేదు, కోదాడకు లేదు. సినిమా ఆఖర్లో హీరో ఎయిర్‌పోర్టుకు పరుగెత్తుతాడు కదా, ఇక్కడ పారిపోవాలన్నా రైలు కోసం ముందు మిర్యాలగూడ బస్సెక్కాలి.

మీకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పని. పాత దస్తావేజు నకలు కావాలి. రెండున్నరకే చేరుకున్నారు, కానీ చెట్టు కింద బండి దగ్గర టీ తాగుతూ జనం కదలకుండా కూర్చున్నారు. మూడు దాటాలి, రాహుకాలం. ప్లాటు కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, వాళ్ళ మధ్య బ్రోకర్లు. వాళ్ళతో పాటు ఒక జంట. అమ్మాయి గంధం రంగు కాటన్ చీర, అబ్బాయి తెల్ల చొక్కా, ఇద్దరి చేతుల్లో ఒకే ఫైలు రెండు అంచులు. వాళ్ళ పక్కన ఇద్దరు దోస్తులు, మూడోవాడి కోసం మాటిమాటికీ రోడ్డు వైపు చూస్తూ. సర్టిఫికెట్లలో మతం గడి దగ్గర వీళ్ళిద్దరికీ రాసింది వేర్వేరు. రాహుకాలం మాత్రం ఇద్దరికీ ఉన్నట్టుంది, మూడు కానిదే లేవడం లేదు.

మతాలు వేరైతే దారి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం. ముందు నోటీసు ఇయ్యాలి, ఆ నోటీసును ఆఫీసులో అందరికీ కనపడేలా పెడతారు, ముప్పై రోజులు ఆగాలి. ఎవరికైనా అభ్యంతరముంటే ఆలోగా చెప్పొచ్చు. ఇద్దరూ హిందువులై కులాలే వేరైతే గుళ్ళోనో ఆర్యసమాజ్‌లోనో తాళి కట్టి ఆ వెంటనే రిజిస్టర్ చేసుకోవచ్చు, ఈ నెల రోజుల ఎదురుచూపు ఉండదు. ఇంట్లో చెప్పలేకే ఇక్కడికొస్తే, గోడ మీద రాసి ఊరికంతా చెప్తానంటుంది చట్టం. “నెల దినాలు అన్నం పోలే” అంటున్నాడు అబ్బాయి దోస్తుతో. “రోజూ వచ్చి బోర్డు చూసిపోయిన. ఒక్కడు చదువలే. ఎవరి సర్వే నంబరు వాళ్ళదే.” పక్కనున్న బ్రోకర్ అంతా విని తల ఊపాడు. ప్లాటుకైతే ముప్పై ఏండ్ల ఈసీ తీస్తం, ఎవరికి తాకట్టు ఉన్నదో తెలుస్తది, పెళ్ళికి ఈసీ ఇస్తే ఎంత బాగుండు అని అతని బాధ.

నవ్వుతారు అందరూ. అయినా ఆ అమ్మాయి కళ్ళు ప్రతి బైకు చప్పుడుకూ గేటు వైపు తిరుగుతున్నాయి. ఎందుకో ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పనక్కర్లేదు. 2018 సెప్టెంబరు 14న ఇక్కడే, ఒక ఆసుపత్రి బయట, పట్టపగలు, కడుపుతో ఉన్న భార్య కళ్ళ ముందు ఒక యువకుణ్ణి నరికి చంపారు. అతను దళితుడు, ఆమె కాదు. ఆమె తండ్రే సుపారీ ఇచ్చి చేయించాడన్నది కేసు, విచారణ ముగియకముందే 2020 మార్చిలో ఆయన చనిపోయాడు. 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకరికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవం వేసింది. తీర్పుకు ఆరున్నరేళ్ళు పట్టింది. ఆ హత్య జరిగిన ఏడాదే, దానికి దాదాపు ఆరు నెలల ముందే, మార్చి 27న సుప్రీంకోర్టు ఇలాంటి జంటలకు రక్షణ కల్పించాలని, వాళ్ళ కోసం జిల్లాల్లో ప్రత్యేక విభాగాలు పెట్టాలని చెప్పి ఉంది. కాగితం ఢిల్లీ నుంచి మిర్యాలగూడ రావడానికి ఏ బస్సెక్కిందో తెలియదు. అందుకే ఈ ఊళ్ళో దోస్తు ప్రేమకు పార్టీ అడిగేవాళ్ళు పదిమంది ఉంటారు, సాక్షి సంతకానికి ముగ్గురు దొరకరు.

మూడు దాటింది. లోపలి నుంచి పిలిచారు. మూడోవాడు రాలేదు. ఫోను రింగవుతోంది, ఎత్తడం లేదు.

“వస్తడు, వాడు వస్తనన్నడు” అంటున్నాడు అబ్బాయి.

“వాళ్ళ నాయినకు తెలిసిందేమో” అంది అమ్మాయి మెల్లగా.

చట్టంలో ముగ్గురు సాక్షులని ఉంది, ఇద్దరితో కాదు. క్లర్కు గడియారం వైపు చూశాడు. ఇద్దరు దోస్తులు టీ బండి వైపు చూశారు. టీ బండాయన టీ గ్లాసుల వైపు చూశాడు. చివరికి అందరూ చూస్తున్నది మీ వైపని మీకు కాసేపటికి గానీ తట్టలేదు.

“అన్నా,” అమ్మాయే అడిగింది, “మీరు సంతకం పెడతరా?”

మీకు వాళ్ళ పేర్లు కూడా తెలియవు. ఫైలు పైన చదువుకుని తెలుసుకున్నారు. నకలు కోసం వచ్చిన మనిషి కదా మీరు, చేతిలో పెన్ను ఉండనే ఉంది.

లోపల చల్లగా ఉంది, ఫ్యాను కింద రిజిస్టరు కాగితాలు ఎగరకుండా దాని మీద స్టాంపు ప్యాడు పెట్టారు. అధికారి కళ్ళద్దాల పైనుంచి మిమ్మల్ని చూశాడు. “వీళ్ళు మీకేమైతరు?” పొద్దున బస్సులో ముసలమ్మ అడిగినప్పుడు ఆ పిల్ల ఎంత తడబడిందో ఇప్పుడు మీకు తెలుస్తోంది. తెలిసినవాళ్ళే అన్నారు. అబద్ధం కాదు, అరగంటగా తెలుసు.

ఆ తర్వాతి పని సంతకం కాదు. ఒకరినొకరు చూసుకుంటూ నోటితో చెప్పాలి, నిన్ను చట్టప్రకారం భార్యగా స్వీకరిస్తున్నాను, నిన్ను భర్తగా స్వీకరిస్తున్నాను అని, ముగ్గురు సాక్షులకు వినపడేలా. పందిట్లో అయితే మంత్రాలు పంతులు చదువుతాడు, పెళ్ళికొడుకు పెదవులు కదిలిస్తే సరిపోతుంది. ఇక్కడ ఆ వీలు లేదు. అబ్బాయి మొదటిసారి చెప్పింది ఎవరికీ వినపడలేదు. “గట్టిగ” అన్నాడు అధికారి. రెండోసారి చట్టప్రకారం అన్న మాట దగ్గర ఇరుక్కున్నాడు. మూడోసారి బయట ప్లాటు బ్రోకర్లకు కూడా వినపడింది. అమ్మాయి ఒక్కసారికే చెప్పేసింది, ఆ వెంటనే ముక్కు తుడుచుకుంది.

సంతకాలయ్యాయి. మీది మూడో గడిలో, కొంచెం వంకరగా.

అప్పుడు గేటు దగ్గర బైకు ఆగింది. అందరూ గిర్రున తిరిగారు. మూడో దోస్తు, చెమటలు కక్కుతూ, చేతిలో నలిగిన స్వీట్ బాక్సు. “ఆగున్రి, ఆగున్రి, నేను పెడ్త సంతకం!”

“అయిపోయిందయ్యా,” అన్నాడు క్లర్కు, “నాలుగో సాక్షికి జాగ లేదు.”

వాడి మొహం చూడలేకపోయారు ఎవరూ. దారిలో టైరు పంక్చరైందట, ఫోను సైలెంట్‌లో ఉందట. నాయినకు తెలిసింది కూడా నిజమే, తెలిసే రెండు వందలిచ్చి స్వీట్లు కొనుక్కొని పొమ్మన్నాడట. ఇక మిగిలిన పని ఏంటో చెప్పండి, అది నేను చేస్తా అని పట్టుబట్టాడు. మిగిలినవి రెండు. ఇక్కడి నుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కు పోయి రక్షణ కోసం కాగితం ఇయ్యడం ఒకటి, అది రాసి ఫైల్లోనే ఉంది. రెండోది ఇంట్లో చెప్పడం.

“నంబరియ్యి, మీ నాయినకు నేను చెప్త” అని ఫోను తీశాడు వాడు.

అమ్మాయి ఆ ఫోను లాక్కుని పక్కన పెట్టి, తనది తీసింది. నాయినతో ఇబ్బంది లేదట, బాబాయిలతోనే. బాబాయిలు ఇవాళ మిల్లు పని మీద గుంటూరు పోయారని తెలిసే ఈ రోజు పెట్టుకున్నారు. రెండు రింగులకే అవతల ఎత్తారు.

“నాయినా, తిన్నవా?”

ఏదో కూర పేరు చెప్పినట్టున్నాడు, ఆమె ఊ కొట్టింది. స్వీట్ బాక్సు వాడు పక్కనుంచి సైగ చేస్తున్నాడు, స్పీకర్ పెట్టు, స్పీకర్ పెట్టు అని. ఆమె వాడిని కళ్ళతోనే ఆపి, పైట చెంగు నడుముకు దోపుకుని, ఒక్క గుక్కలో అనేసింది.

“ఒకటి చెప్త, మధ్యల మాట్లాడకు. ముందు కూసో. కూసున్నవా?”